ఆల్ప్స్‌లో ఏ లోయలో మకాం పెట్టాలి?

ఆల్ప్స్ వెళ్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "స్విట్జర్లాండా, ఆస్ట్రియానా, ఇటలీయా?" అని. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. కారు నడుపుతారా, రైలెక్కుతారా? మీతో ఎవరెవరు వస్తున్నారు? రోజుకి ఎన్ని గంటలు నడవగలరు? వీటికి జవాబు దొరికితే దేశం దానంతటదే తేలిపోతుంది. కొండల అందంలో ఈ దేశాల మధ్య పెద్దగా ఎక్కువ తక్కువలు లేవు. ఆ కొండ దగ్గరికి ఎలా చేరతాం, సాయంత్రం ఎక్కడికి తిరిగొస్తాం అన్న దగ్గరే తేడా అంతా.

మొదటిసారి వెళ్లినప్పుడు మేం తొమ్మిది రాత్రుల్లో ఆరు ఊళ్లు మారాం. పొద్దున్నే పెట్టెలు సర్దడం, పదింటికల్లా గది ఖాళీ చేయడం, కొత్త గది మూడింటికి గాని ఇవ్వరు కాబట్టి సామానుతో స్టేషన్‌లో కూర్చోవడం. ఫోటోలు బోలెడొచ్చాయి గాని, ఒక్క ఊరి సాయంత్రమూ గుర్తు లేదు. రెండోసారి ఒకే లోయలో ఆరు రాత్రులు ఉన్నాం. ఆఖరి టూరిస్టు బస్సు వెళ్లిపోయాకే ఆల్ప్స్ పల్లె అసలు రూపం బయటపడుతుందని అప్పుడు తెలిసింది. జూన్ నెలాఖర్లో రాత్రి తొమ్మిదైనా వెలుగు పోదు. చుట్టూ పచ్చిక, దూరంగా ఆవుల మెడ గంటల చప్పుడు. అప్పట్నించీ ఏ ఊరినైనా నేను చూసేది ఒకే చూపుతో: ఇది రాత్రి ఉండాల్సిన ఊరా, పగలు చూసి వచ్చేయాల్సిన ఊరా?

నెల ముందు తేల్చుకోండి

వేసవి అనగానే మనకు మే గుర్తొస్తుంది. ఆల్ప్స్‌లో మే నెల వేసవి కాదు. ఎత్తయిన కనుమ దారుల్లో చాలావాటిమీద ఇంకా మంచు ఉంటుంది. కేబుల్ కార్లు చాలా చోట్ల మరమ్మతుల కోసం ఆపేసి ఉంటాయి, హోటళ్లూ కొన్ని మూసే ఉంటాయి. సెలవులు మేలోనే ఉంటే ఎత్తు తక్కువగా ఉన్న సరస్సుల ఊళ్లకి పరిమితం కావడం మంచిది. పైకెక్కి తిరగాలంటే కనీసం జూన్ మధ్య దాకా ఆగాలి.

జూన్ మధ్య నుంచి జులై మధ్య దాకా పచ్చిక బయళ్లు పూలతో నిండి ఉంటాయి, జలపాతాలు నిండుగా దూకుతాయి. అప్పటికీ రెండు వేల మీటర్లకి పైన నీడ పట్టున మంచు మిగిలి ఉండొచ్చు. జులై నెలాఖరు, ఆగస్టుల్లో అన్నీ తెరిచి ఉంటాయి, జనమూ అలాగే ఉంటారు. ఇటలీలో ఆగస్టు 15 పెద్ద సెలవు. ఆ వారం అక్కడి దొలొమైట్ కొండల్లో గది దొరకడమే గగనం, దొరికినా ధర మండిపోతుంది. నా ఓటు సెప్టెంబరు మొదటి మూడు వారాలకి. గాలి తేటగా ఉంటుంది, మధ్యాహ్నపు ఉరుముల వానలు తగ్గుతాయి, పై మేత భూముల నుంచి ఆవులను పూలతో అలంకరించి ఊళ్లోకి దించే వేడుకలు మొదలవుతాయి. బడి పిల్లలున్న ఇళ్లకి ఆ నెల కుదరదని తెలుసు, వాళ్లకి జూన్ చివరి పది రోజులు చెబుతాను.

ఎత్తు లెక్క ఒకటి మనసులో ఉంచుకోండి. వెయ్యి మీటర్లు పైకెక్కితే సుమారు ఆరు డిగ్రీల చలి పెరుగుతుంది. ఊళ్లో 24 డిగ్రీలుంటే, మూడు వేల మీటర్ల శిఖరం మీద స్వెట్టరూ జాకెట్టూ రెండూ కావాలి, అది జులై అయినా సరే.

రైలు మీద తిరిగేవాళ్లకి: స్విట్జర్లాండ్

కారు నడపడం ఇష్టం లేనివాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి స్విట్జర్లాండ్‌కి సాటి లేదు. రైలు దిగిన ప్లాట్‌ఫాం పక్కనే బస్సు, బస్సు దిగిన చోటే కేబుల్ కారు. మెట్లెక్కే పని కూడా చాలా చోట్ల ఉండదు.

అందరూ వెళ్లే బెర్న్ కొండసీమలోనే నాలుగు ఊళ్లలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. లౌటర్‌బ్రున్నెన్ సుమారు 800 మీటర్ల ఎత్తులో, రెండు నిట్టనిలువు కొండగోడల మధ్య ఉంటుంది. దాదాపు 300 మీటర్ల స్టౌబాఖ్ జలపాతం ఊరి నెత్తిమీంచే దూకుతుంది. ఫోటోల్లో మీరు చూసింది ఇదే. కానీ ఆ గోడల వల్లే ఎండ త్వరగా పోతుంది, పగలంతా వీధి నిండా జనం. దాన్ని పగలు చూడండి. దగ్గర్లోని ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలు కొండ కడుపులో ఉంటాయి, ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల హిమానీనదాల నీళ్లు సెకనుకి 20,000 లీటర్ల దాకా అందులోంచి దూకుతాయి. వాన రోజుకి అంతకన్నా మంచి చోటు ఆ లోయలో లేదు.

రాత్రికి మాత్రం పైకి వెళ్లండి. వెంగెన్ 1,274 మీటర్ల మీద, మ్యూరెన్ 1,638 మీటర్ల మీద, లోయకి అటొకటి ఇటొకటి. రెంటికీ బయటి కార్లు రావు, కొండెక్కే పళ్లచక్రాల రైలు మీదో కేబుల్ కారు మీదో చేరాలి. మ్యూరెన్ నుంచి మూడు శిఖరాలూ ఎదురుగా గోడలా నిలబడి కనిపిస్తాయి, ఆ దృశ్యం వెంగెన్‌కి లేదు. అయినా పెద్దవాళ్లుంటే నేను వెంగెన్ అంటాను. లౌటర్‌బ్రున్నెన్ నుంచి రైలు ఒక్కటే, మధ్యలో మారే పని లేదు. ఊళ్లో దుకాణాలు ఎక్కువ, సాయంత్రపు ఎండ చాలాసేపు ఉంటుంది. వెంగెన్ నుంచి కేబుల్ కారులో మెన్‌లిషెన్ కొండ ఎక్కితే అక్కణ్నుంచి క్లైనె షైడెగ్ కనుమ దాకా సుమారు గంటన్నర నడక, దారంతా కిందికే, ఎదురుగా ఐగర్. మోకాళ్ల నొప్పులు మరీ ఎక్కువ లేకపోతే డెబ్భై ఏళ్లవాళ్లూ నిదానంగా నడవగల దారి అది. గ్రిండెల్‌వాల్డ్ పెద్ద ఊరు, పిల్లలకి ఆటపాటలు ఎక్కువ, కార్లూ ఎక్కువే.

యుంగ్‌ఫ్రౌయోఖ్ సంగతి తప్పకుండా అడుగుతారు. 1912లో తెరిచిన ఆ కొండమీది రైల్వే స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. రాయితీ లేకుండా కింద ఉన్న ఇంటర్‌లాకెన్ పట్నం నుంచి రానూపోనూ 200 ఫ్రాంకులు దాటుతుంది. మబ్బు పట్టిన రోజు వెళ్తే ఆ డబ్బుకి తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. ముందే రోజు ఖాయం చేసుకోకండి. పొద్దున్నే శిఖరం మీది లైవ్ కెమెరా చూసి, తేటగా ఉంటేనే కదలండి. ఒకే ఊళ్లో నాలుగైదు రాత్రులు ఉండమనడానికి ఇదొక పెద్ద కారణం: మంచి రోజు కోసం కాచుకునే వీలుంటుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్నవాళ్లు, పసిపిల్లల తల్లిదండ్రులు ఆ ఎత్తుకి వెళ్లేముందు డాక్టర్ని అడిగి తీరాలి.

పాస్‌ల దగ్గర చాలామంది పొరబడతారు. స్విస్ ట్రావెల్ పాస్‌తో దేశమంతా రైళ్లు, బస్సులు, పడవలు ఉచితం, వెంగెన్, మ్యూరెన్ దాకా కూడా చెల్లుతుంది. అక్కణ్నుంచి పైకి మాత్రం రాయితీయే, యుంగ్‌ఫ్రౌయోఖ్‌కి నాలుగో వంతు. హాఫ్ ఫేర్ కార్డుతో అన్నిటికీ టికెట్టు కొనాలి, కానీ దాదాపు అన్నిటికీ సగం ధరే, యుంగ్‌ఫ్రౌయోఖ్‌కి కూడా. రోజుకో ఊరు తిరిగేవాళ్లకి మొదటిది, ఒకే లోయలో ఉండి కొండలెక్కేవాళ్లకి రెండోది లాభం. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు అమ్మానాన్నల్లో ఎవరితోనైనా వెళ్తే ఉచిత ఫ్యామిలీ కార్డు మీద డబ్బు కట్టక్కర్లేదు. నలుగురున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

జనం లేని స్విట్జర్లాండ్ కావాలంటే తూర్పున దిగువ ఎంగడిన్ లోయ ఉంది. గ్వార్డా అనే పల్లెలో ఇళ్ల గోడల సున్నంలోనే పూలు, తీగలు, సూక్తులు చెక్కి ఉంటాయి. అక్కడి మాట రోమాన్ష్, దేశపు నాలుగు జాతీయ భాషల్లో అన్నిటికన్నా చిన్నది. భాషంటే మక్కువ ఉన్నవాళ్లకి ఆ ఊరి గోడలు చదువుకుంటూ తిరగడమే ఒక పూట కాలక్షేపం. అక్కడికి దగ్గర్లోనే బెర్నినా రైలు మార్గం 2,253 మీటర్ల దాకా ఎక్కి, ఇటలీలోని తిరానోకి దిగుతుంది. పెద్ద అద్దాల కిటికీలున్న బోగీకి అదనంగా రిజర్వేషన్ కట్టాలి. అదే పట్టాల మీద నడిచే మామూలు రైలుకి అక్కర్లేదు, పైగా దాని కిటికీలు కిందికి దిగుతాయి. ఫోటోలు తీసేవాళ్లు మామూలు రైలే ఎక్కాలి.

ఖర్చు దాచలేను. హోటల్లో ఒక ప్లేటు భోజనమే 25 ఫ్రాంకులు అటూ ఇటూ. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సగం బాధ తీరుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, కాబట్టి శనివారం సాయంత్రమే పాలూ బియ్యమూ కొనిపెట్టుకోండి. తాగునీటికి మాత్రం పైసా ఖర్చు లేదు, వీధి తొట్ల దగ్గర సీసాలు నింపుకోవచ్చు.

డబ్బు కలిసొచ్చేది: ఆస్ట్రియా

స్విట్జర్లాండ్‌లో కొండెక్కిన ప్రతిసారీ పర్సు తీయాలి. ఆస్ట్రియాలోని తిరోల్, సాల్జ్‌బర్గ్ ప్రాంతాల్లో వేసవి కార్డుల పద్ధతి ఉంది. కార్డు పథకంలో ఉన్న హోటల్లోనో ఇంట్లోనో దిగితే, ఆ లోయలోని కేబుల్ కార్లు, బస్సులు, ఈతకొలనులు గది అద్దెలోనే కలిసిపోతాయి. స్టూబాయ్, ఓట్స్‌టాల్, త్సెల్ ఆమ్ జే, కాప్రున్ ఇలాంటివే. ఒకే ఊళ్లో రెండు గదుల్లో ఒకటి పదిహేను యూరోలు ఎక్కువుందని వదిలేయకండి, దాంతో కార్డు వస్తుందేమో చూడండి. నలుగురికి ఒక్క రోజు కేబుల్ కారు ఖర్చుతోనే ఆ తేడా తిరిగొచ్చేస్తుంది.

వీటిలో నాకు బాగా నచ్చింది స్టూబాయ్ లోయ. ఇన్స్‌బ్రుక్ నుంచి బస్సెక్కితే గంటలోపే నాయ్‌స్టిఫ్ట్ చేరతాం. వాన పడితే పట్నానికి వెళ్లి కోటలూ మ్యూజియంలూ చూసి రావచ్చు, ఎండ కాస్తే లోయ చివరి హిమానీనదం దాకా పోవచ్చు. త్సెల్ ఆమ్ జే సరస్సు ఒడ్డు పట్నం, రైల్వే స్టేషన్ ఊరి మధ్యలోనే. కాస్త సందడి కావాలనుకునేవాళ్లకి, చిన్నపిల్లలున్నవాళ్లకి బావుంటుంది. పల్లె వాతావరణం కోరేవాళ్లకి ఆల్ప్‌బాఖ్. పాత తీరు చెక్క ఇళ్లు తప్ప మరో రకం కట్టడం కనిపించదు, 1983లో ఆస్ట్రియాలోకెల్లా అందమైన గ్రామంగా ఎంపికైంది. ప్రతి బాల్కనీ నిండా ఎర్రటి పూలు.

సరస్సు ఒడ్డు ఊరు హాల్‌స్టాట్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఏడెనిమిది వందల మంది ఉండే ఊరికి, రద్దీ రోజున పది వేల మంది వస్తారు. 2023 ఆగస్టులో ఊరివాళ్లు రోడ్డెక్కి నిరసన చేశారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. ఇరుకు సందులు, వాకిట్లోకి తొంగిచూసే కెమెరాలు. చూడాలనిపిస్తే సరస్సు చివర్లోని ఒబర్‌ట్రౌన్‌లో బస చేసి, పొద్దున్నే ఎనిమిది లోపు వెళ్లి, నెమ్మదిగా మాట్లాడుతూ ఒక చుట్టు చుట్టి, బస్సులు దిగే వేళకి బయటపడండి. ఒబర్‌ట్రౌన్ నుంచి డాఖ్‌స్టైన్ కొండమీదికి కేబుల్ కారు ఉంది, మిగతా రోజు అక్కడే గడిచిపోతుంది.

కారు ఉన్నవాళ్లు గ్రోస్‌గ్లోక్నర్ ఘాట్ రోడ్డు వదలకూడదు. 1935లో తెరిచిన 48 కిలోమీటర్ల దారి, 36 పెద్ద మలుపులు, 2,504 మీటర్ల దాకా ఎక్కుతుంది. దేశంలోకెల్లా ఎత్తయిన 3,798 మీటర్ల శిఖరం దగ్గర నుంచి కనిపిస్తుంది. టోల్ 40 యూరోలు పైనే, రోజంతా పెట్టుకుంటేనే గిట్టుబాటు.

నడిచేవాళ్లకి, కారున్నవాళ్లకి: దొలొమైట్లు

ఇటలీ ఉత్తరాన ఉన్న ఈ కొండలు మిగతా ఆల్ప్స్‌లా ఉండవు. పచ్చటి పచ్చిక మీద ఉన్నట్టుండి పాలిపోయిన రాతి గోపురాలు లేస్తాయి. సూర్యాస్తమయానికి ఆ రాయి గులాబీ రంగుకి తిరుగుతుంది, అక్కడివాళ్లు దాన్ని ఎన్రొసదీర అంటారు. ఆ పది నిమిషాల కోసమే ఇక్కడ రాత్రి ఉండాలి.

నడక అలవాటున్నవాళ్లకి నా మొదటి ఎంపిక ఇదే, స్విట్జర్లాండ్‌కి కూడా రెండో స్థానమిస్తాను. కొండమీది విడిది ఇళ్లలో వేడి వేడి భోజనం దొరుకుతుంది. తిండి ఆస్ట్రియాదీ ఇటలీదీ కలిసినట్టుంటుంది. శాకాహారులు ఒక్కటి చూసుకోవాలి: బ్రెడ్డుతో చేసే గుండ్రటి ఉండల్లో చాలాసార్లు పంది మాంసం ముక్కలుంటాయి. పాలకూరవో జున్నువో అడిగి తీసుకోండి. స్విట్జర్లాండ్ బంగాళాదుంప రోస్టీ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

వాల్ గార్దేనా లోయలోని ఒర్తిజేయ్ మంచి మకాం. ఊళ్లోంచే కేబుల్ కారు ఆల్పె ది సియూసికి ఎక్కుతుంది. 56 చదరపు కిలోమీటర్ల పచ్చిక బయలు, యూరప్‌లో ఆ ఎత్తున అంత పెద్దది మరోటి లేదు. పైన దారులు చాలావరకు చదునుగా ఉంటాయి, పిల్లల బండి కూడా తోసుకుపోవచ్చు. ఇంకా నిశ్శబ్దం కావాలంటే ఫూనెస్ లోయలో సాంత మద్దలేనా. చిన్న గుడి, వెనక రంపపు పళ్లలాంటి శిఖరాలు, అంతే. అక్కడ రెండు రాత్రులు దాటితే కారు లేకుండా కాళ్లు కట్టేసినట్టుంటుంది.

ఇక్కడ ఊళ్లకి రెండు మూడు పేర్లుంటాయి. ఒర్తిజేయే జర్మన్‌లో సాంక్ట్ ఉల్‌రిఖ్, స్థానిక లదీన్ భాషలో ఉర్తిజై. బస్సు బోర్డు మీద ఒకటి, బుకింగ్‌లో ఒకటి చూసి కంగారు పడకండి, అన్ని పేర్లూ రాసి పెట్టుకోండి. ఈ లోయలున్న సౌత్ తిరోల్ ప్రాంతంలో చాలా బసలు అతిథి పాస్ ఇస్తాయి, దాంతో ఆ ప్రాంతమంతా బస్సులు, లోకల్ రైళ్లు ఉచితం. అందువల్ల కారు లేకపోయినా వాల్ గార్దేనాలో గడిచిపోతుంది.

కారున్నా కొన్ని చోట్లకి ముందే అనుమతి కావాలి. బ్రాయెస్ సరస్సుకి జులై 10 నుంచి సెప్టెంబరు 10 దాకా పగటి వేళ ముందస్తు బుకింగ్ లేకుండా కార్లని రానివ్వరు. త్రె చీమె అనే మూడు శిఖరాల కింది ఆరోంజో విడిది దాకా వెళ్లే 2,320 మీటర్ల ఎత్తు దారికి టోల్ కట్టాలి, చోటూ ముందే ఆన్‌లైన్లో పట్టుకోవాలి. ఆల్పె ది సియూసి రోడ్డు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా బయటి కార్లకి మూసే ఉంటుంది. వేసవి మధ్యాహ్నాలు ఇక్కడ ఉరుములతో వస్తాయి. రాతి అంచుల మీద ఉండగా పిడుగులు పడితే దాక్కునే చోటుండదు. ఏడింటికి బయల్దేరి ఒంటిగంటకల్లా దిగిపోండి.

మిగిలినవి

స్లొవేనియాలోని బ్లెడ్ సరస్సులో ద్వీపం మీది గుడి ముచ్చటగా ఉంటుంది, ఒక పూట చాలు. స్లొవేనియాకి వెళ్లేవాళ్లు మకాం బోహిన్ సరస్సు దగ్గర పెట్టుకోవాలి. అది బ్లెడ్ కన్నా పెద్దది, చుట్టూ అడవి, ఒడ్డున రిసార్టుల హడావిడి లేదు. వేసవిలో దిగి ఈదొచ్చు. ఖర్చు స్విట్జర్లాండ్‌తో పోలిస్తే బాగా తక్కువ. కారు ఉంటే యాభై మలుపుల వ్ర్షిచ్ కనుమ దాటి పచ్చల రంగు సోచా నది వైపు దిగండి. ఆ దారి మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ యుద్ధ ఖైదీల చేత వేయించింది. 1916లో మంచు విరుచుకుపడి అందులో చాలామంది చనిపోయారు, వాళ్ల జ్ఞాపకంగా కట్టిన చిన్న చెక్క గుడి ఆ దారిలోనే ఒక మలుపు దగ్గర ఉంది. కాసేపు ఆగి వెళ్లండి.

జర్మనీలో బవేరియా వైపు మ్యూనిక్‌లో దిగి నాలుగు రోజులే ఉన్నవాళ్లకి సరిపోతుంది. మిట్టెన్‌వాల్డ్ గోడలనిండా రంగుల బొమ్మలు, తరతరాల వయొలిన్ తయారీ. బెర్ఖ్‌టెస్‌గాడెన్ దగ్గర కోనిగ్‌జే సరస్సులో 1909 నుంచీ కరెంటు పడవలే, అందుకే నీళ్ల మీద మోటారు రొద ఉండదు. ఫ్రాన్స్‌లో షామోనీ గొప్ప చోటే, 3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిదీ శిఖరం నుంచి మోఁ బ్లాఁ (మాంట్ బ్లాంక్) చేతికందేంత దగ్గర. కానీ అది పర్వతారోహకుల పట్నం. చిన్న పల్లె కోసం బయల్దేరినవాళ్లకి నేను చెప్పను.

వీసా, కారు

ఇవన్నీ షెంగెన్ దేశాలే, ఒకే వీసాతో తిరగొచ్చు. కానీ దరఖాస్తు ఎక్కువ రాత్రులు ఉండబోయే దేశానికే పెట్టాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. అంటే ఏ లోయలో ఎన్ని రాత్రులో ముందే తేల్చుకోక తప్పదు, ఊళ్లు ఖాయమయ్యాకే వీసా పని.

కారు తీసుకుంటే స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, స్లొవేనియా హైవేలకి వినియెట్, అంటే టోల్ స్టిక్కరు, కొనాలి. స్విస్‌ది 40 ఫ్రాంకులు, ఏడాదికి ఒకటే రకం. మిగతా రెండిట్లో కొద్ది రోజులకీ దొరుకుతుంది. ఇటలీలో టోల్ గేట్లు, జర్మనీలో కార్లకి టోల్ లేదు. అద్దె కారు సరిహద్దు దాటొచ్చా అన్నది ఒప్పందంలో రాయించుకోండి.

పది రాత్రులున్నాయి, మొదటిసారి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తున్నారంటే నేనైతే ఇలా వేస్తాను: జ్యూరిక్‌లో దిగి వెంగెన్‌లో నాలుగు రాత్రులు. తర్వాత జ్యూరిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కి మూడున్నర గంటల నేరు రైలు, నాయ్‌స్టిఫ్ట్‌లో ఆరు రాత్రులు, వేసవి కార్డు ఇచ్చే ఇంట్లో. ఖరీదైన రోజులు నాలుగే, ఊరు మారడం ఒక్కసారే, వీసా దరఖాస్తు ఆస్ట్రియాకి. నడిచే కాళ్లుంటే ఆ ఆరు రాత్రులూ ఒర్తిజేయ్‌కి మార్చండి. ఇన్స్‌బ్రుక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా రైలుంది, అప్పుడు వీసా ఇటలీకి పెట్టాలి.